కరిమున్‌జావా దీవిలో ఇల్లు లీజుకు తీసుకోవచ్చా? పడవలు, నీళ్లు, భూమి కాగితాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సాగరతీరం అడిగారు:

అందరికీ నమస్కారం. ఉండేది హైదరాబాద్‌లో, పని విదేశీ కంపెనీకి, ఇంటి నుంచే. ఏడాదిలో నాలుగైదు నెలలు ఇండోనేసియాలో జాలర్లుండే చిన్న దీవిలో గడపాలని ఆలోచన. బాలి వద్దు. మధ్య జావాలో జెపారా జిల్లా కిందకొచ్చే కరిమున్‌జావా మీద మనసు పడింది.

అక్కడ ఒకాయన రెండు గదుల ఇల్లు, వెనకాల 800 చదరపు మీటర్ల కొబ్బరితోట చూపిస్తున్నాడు. సముద్రానికి 60 మీటర్ల దూరం. "25 ఏళ్లకు లీజు రాయించుకోండి, లేదంటే మా బావమరిది పేరున కొనేయండి, నోటరీ దగ్గర మీకు హక్కులన్నీ రాసిస్తాం" అంటున్నాడు. కాగితం అడిగితే "లెటర్ సి" అని గ్రామ రిజిస్టరులోని పేజీ ఫోటో పంపాడు. తర్వాత తోటలో రెండు కాటేజీలు కట్టి అద్దెకివ్వాలని కూడా ఉంది.

పడవలు ఏడాది పొడవునా తిరుగుతాయా? కరెంటు, నీళ్లు ఎలా ఉంటాయి? ఈ రెండు పద్ధతుల్లో ఏది క్షేమం? మా ఆవిడ శాకాహారి, అక్కడ తిండి దొరుకుతుందా? వివరంగా చెప్పగలరు.

చుక్కాని:

పడవల సంగతి నేను చెప్తాను. కాగితాల సంగతి తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు.

కరిమున్‌జావా జెపారా తీరానికి వాయవ్యంగా 80–90 కిలోమీటర్ల దూరంలో, జావా సముద్రంలో ఉంది. మొత్తం 27 దీవులు. కాపురాలుండేవి మాత్రం ఐదే: కరిమున్‌జావా, కెముజాన్, పారాంగ్, న్యాముక్, గెంటింగ్. మొదటి రెంటినీ మడ అడవి దగ్గర చిన్న వంతెన కలుపుతుంది కాబట్టి బండి మీద తిరిగేవాళ్లకు రెండూ ఒకటే. మిగతా మూడింటికీ మళ్లీ చిన్న పడవ ఎక్కాల్సిందే. మీ ఇల్లు ఏ దీవిలో ఉందో ముందు తేల్చుకోండి. "కరిమున్‌జావా" అంటే మొత్తం దీవులన్నిటికీ వాడేస్తారు.

దారి ఇది. జకార్తాలో దిగి, సెమరాంగ్‌కు విమానంలో గంట, రైల్లో అయితే ఐదారు గంటలు. అక్కణ్ణుంచి జెపారా రోడ్డు మీద రెండు, రెండున్నర గంటలు. జెపారాలో కార్తినీ బీచ్ పక్క రేవు నుంచి ఎక్స్‌ప్రెస్ బహారి వేగపడవ సుమారు రెండు గంటల్లో చేరుస్తుంది. కేఎంపీ సిగింజాయ్ అనే ఫెర్రీకి నాలుగైదు గంటలు పడుతుంది, కానీ లారీలు, బైకులు, సిమెంటు బస్తాలు అన్నీ దాంట్లోనే వెళ్తాయి. రెండూ అన్ని రోజులూ ఉండవు, టైమింగ్స్ నెలనెలా మారతాయి. సాధారణంగా పొద్దున్నే బయల్దేరతాయి కాబట్టి ముందురోజు రాత్రికి జెపారా చేరాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కెముజాన్‌లో దేవదారు అనే చిన్న విమానాశ్రయం ఉంది కానీ అక్కడికొచ్చేవి కొద్ది సీట్ల విమానాలు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు.

ఇక అసలు విషయం. డిసెంబరు నుంచి మార్చి దాకా పడమటి గాలి కాలం, అక్కడివాళ్లు బరతాన్ అంటారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగేది ప్రభుత్వం ఆపితే. అక్కడ ఆపేది గాలే, దానికి తేదీ ఉండదు. వాతావరణ సంస్థ బీఎంకేజీ అలల హెచ్చరిక ఇస్తుంది. వాళ్ల లెక్కలో 1.25 నుంచి 2.5 మీటర్లు మధ్యస్థం, 2.5 నుంచి 4 మీటర్లు పెద్ద అల. హెచ్చరిక రాగానే రేవు అధికారి పడవ కదలడానికి అనుమతి ఇవ్వడు. ముందు వేగపడవ ఆగుతుంది, తర్వాత ఫెర్రీ. ఇలా వరసగా వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు రాకపోకలు ఉండవు. జులై, ఆగస్టుల్లో తూర్పు గాలికి కూడా మధ్యమధ్య ఆగుతాయి కానీ అంత తీవ్రంగా కాదు. ఏప్రిల్ నుంచి జూన్, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెమ్మదైన నెలలు.

దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి వీసా. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియాల (అక్కడి కరెన్సీ) జరిమానా, 60 రోజులు దాటితే దేశం నుంచి పంపేస్తారు. ఆ జిల్లాకు ఇమిగ్రేషన్ ఆఫీసు పాటిలో ఉంది, దీవిలో కాదు. వీసా ఆన్ అరైవల్ పొడిగింపుకు ఇప్పుడు ఫోటో కోసం స్వయంగా వెళ్లాలి. అంటే సముద్రం దాటి, జెపారా నుంచి మళ్లీ రోడ్డెక్కాలి. చివరి వారం దాకా ఆగకుండా మొదటి 30 రోజుల్లో పడవ దొరికిన మంచి రోజు చూసుకుని ఆ పని ముగించాలి. రెండు, తిరుగు ప్రయాణం. అంతర్జాతీయ విమానానికీ పడవకూ మధ్య మంచి కాలంలో రెండు రోజులు, బరతాన్‌లో కనీసం వారం ఎడం ఉండాలి.

దస్తావేజు:

బావమరిది పేరున కొనడం అనే మాట ఈ క్షణంలోనే పక్కన పెట్టేయండి. అది ప్రమాదం అనడం కూడా తక్కువే, ఆ ఒప్పందం చెల్లనే చెల్లదు.

ఇండోనేసియా భూమి చట్టం 1960 నాటి 5వ నంబరు చట్టం. దాని 21వ సెక్షన్ ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే. 26వ సెక్షన్ రెండో భాగం ఇంకా కఠినం: నేరుగా గానీ దొడ్డిదారిన గానీ హక్ మిలిక్‌ను విదేశీయుడికి చేరవేసే లావాదేవీ చట్టరీత్యా రద్దు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. 2007 పెట్టుబడి చట్టంలోని 33వ సెక్షన్ కంపెనీ వాటాల విషయంలో బినామీ ఒప్పందాలను అలాగే రద్దు చేసింది. "నోటరీ దగ్గర అన్నీ రాసిస్తాం" అంటే మామూలుగా నాలుగు కాగితాలు చేయిస్తారు: బావమరిది మీ దగ్గర అప్పు తీసుకున్నట్టు ఒకటి, అమ్ముకునే అధికారం మీకిచ్చినట్టు ఒకటి, దీర్ఘకాల లీజు ఒకటి, భూమి నిజంగా మీదేనని ఒప్పుకోలు ఒకటి. కోర్టులో ఈ నాలుగో కాగితమే మీ మీదకు తిరుగుతుంది, ఎందుకంటే చట్టం తప్పించుకోవాలన్న ఉద్దేశాన్ని అది రాతపూర్వకంగా రుజువు చేస్తుంది. పైగా బావమరిది పోతే ఆయన భార్యాపిల్లలకు మీతో ఏ ఒప్పందమూ ఉండదు.

రెండోది, ఆయన పంపిన లెటర్ సి పేజీ. గిరిక్, పెతోక్ డి, లెటర్ సి ఇవన్నీ పాత పన్ను రికార్డులు, పట్టాలు కావు. మన దగ్గర శిస్తు రసీదు చూపించి భూమి నాదే అన్నట్టుంటుంది. 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నిబంధన వీటికి ఐదేళ్ల గడువు పెట్టింది. 2026 ఫిబ్రవరి 2 నుంచి ఇవి హక్కుకు రుజువు కావు, రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు ఒక ఆధారంగా మాత్రమే చూస్తారు. కాబట్టి సర్టిఫికెట్, అంటే భూమి కార్యాలయం ఇచ్చే హక్కు పత్రం, లేని భూమికి మీరు ఒక్క రూపియా కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు. "మీ డబ్బుతోనే సర్టిఫికెట్ చేయిస్తాం" అంటే ససేమిరా ఒప్పుకోకండి. ముందు ఆయన చేయించుకోవాలి, ఆ తర్వాతే మాటలు.

సర్టిఫికెట్ ఉన్న భూమి దొరికితే మీకు నిజంగా రెండు దారులు.

ఒకటి మామూలు లీజు. నోటరీ ముందు ఇండోనేసియా భాషలో రాసి, పక్కన ఇంగ్లీషు పెట్టుకోవచ్చు. విదేశీయుడు పార్టీగా ఉన్నప్పుడు ఇండోనేసియా భాషలో ప్రతి ఉండి తీరాలని 2009 భాషా చట్టం చెబుతుంది. సివిల్ కోడ్ 1576వ సెక్షన్ ప్రకారం యజమాని భూమి అమ్మేసినా రాతపూర్వక లీజు కొనసాగుతుంది. బలహీనత ఎక్కడంటే, ఈ లీజు భూమి కార్యాలయం రికార్డులోకి ఎక్కదు. సర్టిఫికెట్ చూసినవాడికి మీరున్నట్టే తెలియదు. యజమాని దాన్ని బ్యాంకులో తాకట్టు పెడితే మీరు ఆలస్యంగా తెలుసుకుంటారు. అద్దె మొత్తం మీద 10 శాతం పన్ను యజమాని కట్టాలి. అది ఎవరి జేబు నుంచో ఒప్పందంలో రాయకపోతే సంతకం రోజు గొడవ ఖాయం.

రెండోది హక్ మిలిక్ భూమి మీద హక్ పకాయ్, అంటే వాడుకునే హక్కు. యజమాని, మీరు పీపీఏటీ అనే భూమి దస్తావేజుల అధికారి ముందు సంతకం చేస్తారు, సర్టిఫికెట్‌లో నమోదవుతుంది. గరిష్ఠంగా 30 ఏళ్లు, తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటే కొత్త దస్తావేజుతో పునరుద్ధరణ. దీనికి మీ దగ్గర ఇమిగ్రేషన్ పత్రాలు సరిగ్గా ఉండాలి, విదేశీయుడు తీసుకునే ఇంటికి రాష్ట్రాల వారీగా కనీస ధర పరిమితి కూడా ఉంది. చిన్న ఇంటికి ఆ పరిమితి అందదు కాబట్టి మీ విషయంలో చివరికి లీజే మిగులుతుంది.

మూడోది మీరు చెప్పిన 60 మీటర్లు. ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతోంది. తీరప్రాంతాల, చిన్న దీవుల చట్టం 27/2007 ప్రకారం అత్యధిక పోటు రేఖ నుంచి భూమి వైపు కనీసం 100 మీటర్లు తీర రక్షణ పట్టీ. పట్టీలో ఉన్న పాత ఇల్లు అలాగే ఉండొచ్చు, కానీ కాటేజీలకు కొత్తగా నిర్మాణ అనుమతి అడిగితే ముందు భూ వినియోగానికి సరిపోతుందా అని చూస్తారు, అక్కడే ఆగుతుంది. పైగా కాటేజీలు అద్దెకివ్వడం వ్యాపారం. మీ పేరున లీజు ఉన్నంత మాత్రాన చేయకూడదు. విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి, దాని పెట్టుబడి ప్రణాళిక 1000 కోట్ల రూపియాలు దాటాలి. రెండు కాటేజీల కోసం అది పొసగదు.

ఉప్పుగాలి:

దస్తావేజు గారు భూమి సంగతి బాగా చెప్పారు. ఒక చిన్న చేర్పు: 100 మీటర్లు అనేది కనీసం. తీరం వాలు, కోత, అల ఉధృతి లెక్కించి స్థానిక ప్రభుత్వం గీసే గీత వేరేగా ఉండొచ్చు, అందుకు 2016లో అధ్యక్ష నిబంధన వచ్చింది. కాబట్టి టేపు పట్టి కొలిచి తేల్చే విషయం కాదు. జెపారా జిల్లా ప్రణాళిక మ్యాపులో ఆ స్థలం ఏ రంగులో ఉందో చూడాలి. పక్కనే నేషనల్ పార్కు కూడా ఉంది. దాని విస్తీర్ణం సుమారు 1,11,625 హెక్టార్లు, చాలా భాగం సముద్రం, కొంత కొండ అడవి, మడ అడవి. తోట చివర మడ చెట్లుంటే అది ఎవరి సరిహద్దో హద్దురాయి చూసి నిర్ధారించుకోండి.

ఇక ఇల్లు. చూడ్డానికి వెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి పని నీళ్లు కొలవడం. దీవి మీద తీపి నీరు ఉప్పు నీటి మీద పొరలా తేలుతుంటుంది. సముద్ర మట్టం కంటే మీటరు ఎత్తు తీపి నీరుంటే దాని కింద సుమారు 40 మీటర్ల దాకా తీపి నీరుండాలని లెక్క. తిరగేసి చూడండి: బావిలో నీటి మట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే కిందనుంచి ఉప్పు 4 మీటర్లు పైకి వస్తుంది. అందుకే ఒడ్డున వరసగా హోమ్‌స్టేలు పెట్టి మోటార్లు బిగిస్తే పక్కింటి బావి కూడా చెడిపోతుంది.

నీటిలో కరిగిన ఉప్పులు చూపించే చిన్న టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకెళ్లండి. మోటారు వేసిన వెంటనే ఒకసారి, గంటసేపు వదిలాక మళ్లీ ఒకసారి చూడండి. 500 లోపు ఉండి కదలకపోతే బావి మంచిది. మొదట 400 చూపించి గంట తర్వాత 1,100 చూపిస్తే ఉప్పు లాగుతోందన్నమాట. సముద్రపు నీరు 35,000 దగ్గర ఉంటుంది కాబట్టి అందులో రెండు శాతం కలిసినా 700 పెరుగుతుంది. ఈ పరీక్ష వానల తర్వాత చేస్తే ప్రతి బావీ మంచిదే అనిపిస్తుంది. సెప్టెంబరు చివర, అక్టోబరులో, వానకు ముందు చేయండి. బావి బాగా లేకపోతే కప్పు మీద వాన నీరు పట్టుకోవాలి: 80 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వృథా పోను 640 లీటర్లు. 1,000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టి, మొదటి పదినిమిషాల నీరు బయటికి వదిలేసే పైపు బిగించండి. తాగడానికి 19 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి.

కరెంటు 2016 నుంచి 24 గంటలూ ఉంది. అంతకుముందు రాత్రిపూటే వచ్చేది. లెగోన్ బజాక్ దగ్గర డీజిల్ కేంద్రం నడుస్తుంది. డీజిల్ వచ్చేది కూడా పడవలోనే అని గుర్తుంచుకోండి. ఇంటికి ప్రీపెయిడ్ మీటరు, టోకెన్ నంబరు కొట్టి రీఛార్జి చేసుకోవాలి. మీటరు మీద ఎన్ని వీఏ (వోల్ట్ ఆంపియర్లు, అంటే ఒకేసారి ఎంత లోడు లాగొచ్చో) అని చూడండి. 1300 వీఏ అయితే 6 ఆంపియర్ల బ్రేకరు. ఒక టన్నుకు కాస్త తక్కువ ఏసీ 800 వాట్లు, రైస్ కుక్కరు 400 వాట్లు కలిపితేనే 1,200. ఆ సమయంలో 250 వాట్ల నీళ్ల మోటారు ఆన్ అయితే స్టార్టింగులో మూడింతలు లాగి టక్కున ట్రిప్ అవుతుంది. బయట చీకట్లో మీటరు దగ్గరకెళ్లి పైకి నెట్టడమే. మీరు కంప్యూటర్ మీద పనిచేస్తారు కాబట్టి 2200 వీఏకు మార్పించుకుని, ల్యాప్‌టాప్, రూటరు మాత్రం ప్రత్యేకంగా బ్యాటరీ ఇన్వర్టరు మీద పెట్టండి. నెట్‌కు టెల్కమ్‌సెల్ సిగ్నల్ ఊళ్లో బాగుంటుంది, కొండ వెనక పోతుంది. 2024 మే నుంచి స్టార్‌లింక్ కూడా ఇండోనేసియాలో ఉంది. మీ ఇండియా ఫోను కూడా ఒక లెక్కలో పడుతుంది: ఐఎంఈఐ నమోదు చేయించకుండా అక్కడి మామూలు సిమ్ వేస్తే పనిచేయదు. టూరిస్టు సిమ్ అయితే 90 రోజులు. విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర దిగిన రోజే నమోదు చేయించుకోండి, 500 డాలర్ల దాకా సుంకం మినహాయింపు ఉంది.

కట్టడం విషయంలో పాడయ్యేది ఎప్పుడూ ఇనుమే. గోడల మూలల్లో, దూలాల కింద నిలువుగా సన్నటి పగుళ్లు, వాటి చుట్టూ తుప్పు రంగు మరక కనిపిస్తే లోపల ఊచలు ఉబ్బుతున్నాయని అర్థం. సముద్రపు ఇసుకతో కాంక్రీటు పోసి ఉంటారు. దానికి పైన ప్లాస్టరింగు చేస్తే రెండేళ్లలో మళ్లీ రాలుతుంది. బాగుచేయాలంటే ఊచ కనిపించేదాకా చెక్కి, తుప్పు గీకి, మళ్లీ పోయాలి. కొత్తగా పోస్తే జావా నుంచి నది ఇసుక తెప్పించి, ఊచ మీద 5 సెంటీమీటర్ల కాంక్రీటు ఉండేలా చూడండి. ఇసుక, సిమెంటు ధరకు ఫెర్రీ కిరాయి, రేవులో కూలి, ఇంటిదాకా బండి కిరాయి మూడూ కలపాలి. ఒడ్డున ఇసుక, పగడపు రాయి తవ్వడం నేరం, "ఇక్కడ అందరూ చేస్తారు" అన్నా వినకండి. పైకప్పుకు రేకు కంటే మాయోంగ్ వైపు కాల్చే మట్టి పెంకు మేలు. రేకును స్క్రూల దగ్గరే మొదట తుప్పు తింటుంది. తలుపు బందులు, బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి, 304 మీద ఏడాదికే గోధుమ మచ్చలు వస్తాయి.

జావాతెలుగు:

మీ ఆవిడ తిండి విషయం. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు, ఆకుకూరలు, వంకాయ, గుడ్డు, కొబ్బరి ఎప్పుడూ ఉంటాయి. మునగాకును కెలోర్ అంటారు, దాంతో పులుసు పెడతారు. చింతపండు జావాలో మామూలు సరుకే. చూసుకోవాల్సింది తెరాసి, అంటే రొయ్యల ముద్ద. పచ్చళ్లలో, చాలా కూరల్లో కనబడకుండా ఉంటుంది. మాంసం వద్దంటే సరిపోదు, "తన్పా తెరాసి, తన్పా ఇకాన్" (తెరాసి లేకుండా, చేప లేకుండా) అని విడిగా చెప్పాలి. కందిపప్పు, మినప్పప్పు దీవిలో దొరకవు, మీరే తీసుకెళ్లాలి. చేపలు తినేవాళ్లకు మాత్రం పండగ: వంజరం, నెత్తళ్లు, స్క్విడ్, తొంగ్కోల్ అనే చిన్న ట్యూనా. సాయంత్రం ఊరి మధ్య మైదానంలో చేప ఎంచుకుంటే తూచి అక్కడే కాల్చి ఇస్తారు.

బరతాన్ వచ్చిందంటే కూరగాయలు ముందు అయిపోతాయి, తర్వాత గుడ్లు, తర్వాత గ్యాసు. ఊళ్లో వాళ్లు నవంబరులోనే సర్దుకుంటారు. మీరు ఆ నెలల్లో ఉండాలనుకుంటే బియ్యం, పప్పు, నూనె, అదనంగా ఒక 12 కిలోల సిలిండరు, రెండు మూడు వారాలకు సరిపడా మందులు నవంబరు చివరికల్లా ఇంట్లో ఉండాలి. ఆకుపచ్చ 3 కిలోల సిలిండరు పేదలకిచ్చే సబ్సిడీ గ్యాసు, అది మీరు కొనకూడదు. కొరత రోజుల్లో కొంటే ఊరంతా గమనిస్తుంది. డబ్బుకు బీఆర్ఐ బ్యాంకు ఏటీఎం ఉంది కానీ అదొక్కటే ఆధారం అనుకోకుండా చేతిలో నగదు ఉంచుకోండి. వైద్యానికి పుస్కెస్మాస్ అనే ఆరోగ్య కేంద్రం ఉంది, ఆపరేషన్ లాంటిదైతే జెపారాలోని ఆర్ఏ కార్తినీ ప్రభుత్వాసుపత్రికి దాటాలి. గుండె జబ్బు, డయాలసిస్ లాంటివి ఉన్నవాళ్లు ఆ నాలుగు నెలలు దీవిలో ఉండకపోవడమే మంచిది.

ఊరి మర్యాద గురించి కూడా చెప్పాలి. జావా వాళ్లు, బుగిస్ వాళ్లు, మదురా వాళ్లు కలిసి ఉంటారు. కెముజాన్‌లో బుగిస్ వాళ్ల స్తంభాల ఇళ్లున్నాయి. మగవాళ్లను పాక్, ఆడవాళ్లను బూ అని, చిన్నవాళ్లైతే మాస్, మ్బాక్ అని పిలవాలి. పేరు పెట్టి ఒట్టిగా పిలిస్తే మొరటుగా ఉంటుంది. ఇల్లు తీసుకున్న రోజే ఆర్‌టీ అనే వీధి పెద్ద దగ్గరకెళ్లి పాస్‌పోర్టు కాపీ ఇచ్చి కనబడండి. ఎవరో చెప్పేదాకా ఆగకండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు సమయంలో ఏ పనీ పెట్టుకోవద్దు.

ఇంకో మాట. అక్కడ వన్నామీ రొయ్యల చెరువుల గొడవ పెద్దదే నడిచింది. భీమవరం వైపు వాళ్లకు ఆ నల్లటి ప్లాస్టిక్ పరిచిన చెరువులు చూడగానే తెలుస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ వదిలే మురుగు నేరుగా పగడాల మీదకు, నాచు మీదకు పోతుంది. ఊరివాళ్లు ఎదురుతిరిగారు, 2023 జిల్లా ప్రణాళిక కరిమున్‌జావాలో చెరువులకు తావు లేకుండా చేసింది. కాబట్టి "తోట వెనక చెరువు స్థలం కూడా ఉంది, చవగ్గా ఇస్తాం" అని ఎవరైనా అంటే అది వదిలించుకోవడానికే. మూసిన చెరువు మట్టి ఉప్పుబారి ఉంటుంది, కొబ్బరి కూడా తేరుకోవడానికి టైమ్ పడుతుంది.

సాగరతీరం:

అందరికీ చాలా థ్యాంక్స్. బావమరిది దారి వదిలేశాను, కాటేజీలు కూడా వదిలేశాను. ఉన్న ఇల్లు మాత్రం లీజుకు తీసుకుందామని. వీసా ఏది సరిపోతుంది? ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి నియమాలేమైనా ఉన్నాయా? ఎన్నేళ్లకు రాయించుకోమంటారు?

దస్తావేజు:

వీసా: వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రూపియాలు, 30 రోజులు, ఒక్కసారి పొడిగింపుతో 60. నాలుగైదు నెలలకు సీ1 టూరిస్టు వీసా ఉంది, మొదట 60 రోజులు, పొడిగింపులతో 180 దాకా. కానీ మీరు అక్కడ కూర్చుని విదేశీ కంపెనీకి పనిచేస్తారు కాబట్టి దాని కోసమే పెట్టిన ఈ33జీ చూడండి. ఏడాది గడువు, సంవత్సరానికి 60,000 డాలర్ల ఆదాయం రుజువు కావాలి. ఏదైనా సరే, 12 నెలల్లో 183 రోజులు దాటితే అక్కడ పన్ను నివాసి అవుతారు. నాలుగైదు నెలలకే పరిమితమైతే ఆ తలనొప్పి రాదు.

డబ్బు: భారత నివాసిగా మీకు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్బీఐ పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి. ఆ ఏడాది పంపింది 10 లక్షల రూపాయలు దాటితే పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. 2022 విదేశీ పెట్టుబడి నిబంధనల్లో ఐదేళ్లు మించని లీజుకు మినహాయింపు ఉంది. అంతకు మించితే విదేశీ స్థిరాస్తి సంపాదించినట్టే లెక్క. అప్పుడు ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షల రూపాయలు.

అందుకే ఐదేళ్లే రాయించుకోండి. 25 ఏళ్ల అద్దె ఒకేసారి చేతికిస్తే యజమానికి మీతో పని అయిపోయినట్టే, కప్పు కారినా పలకడు. ఐదేళ్లు, ఆ తర్వాత మరో ఐదేళ్లకు మీకే మొదటి అవకాశం, అప్పటి అద్దె ఎలా లెక్కిస్తారో సూత్రం ఇప్పుడే రాయాలి. "ఆనాటి మార్కెట్ ధర" అని వదిలేస్తే అది ఒప్పందం కాదు. చెల్లింపు ఏడాదికోసారి. మీరు పెట్టే ట్యాంకులు, మీటరు మార్పు, ఇన్వర్టరు ఎవరివో, గడువు ముగిశాక తీసుకెళ్లొచ్చో లేదో రాయాలి. వారసులు కూడా కట్టుబడి ఉంటారన్న వాక్యం తప్పనిసరి. యజమాని భార్య సంతకం చేయాలి, ఎందుకంటే పెళ్లి తర్వాత వచ్చిన ఆస్తి ఇద్దరిదీ. భూమి తాతల నాటిదైతే వారసత్వ ధ్రువపత్రంలో ఉన్నవాళ్లందరి సంతకాలూ కావాలి. సులవేసిలోనో మలేసియాలోనో ఉన్న అన్నయ్య సంతకం "తర్వాత పెట్టిద్దాం" అన్నారంటే ఆ ఒప్పందం అక్కడ ఆపండి.

చుక్కాని:

దస్తావేజు గారి ఐదేళ్లకు ముందు ఇంకో మెట్టు ఉంది. ఆ ఇంటినే ముందు నెలవారీ అద్దెకు అడగండి, అదీ జనవరిలో. ఆ నెలలో అద్దె తక్కువ, ఊళ్లో పర్యాటకులు ఉండరు. పడమటి గాలికి ఏ కిటికీ నుంచి నీళ్లొస్తాయో, పోటుకు సముద్రం తోట వైపు ఎంత దూరం వస్తుందో, కరెంటు ఎన్ని గంటలు పోతుందో అన్నీ అప్పుడే కనబడతాయి. ఒడ్డు కోసుకుపోయే చోట సర్టిఫికెట్‌లో ఉన్న విస్తీర్ణం నేల మీద ఉండదు. సముద్రంలో కలిసిపోయిన భూమి మీద హక్కు కూడా పోతుంది. యజమాని జనవరిలో ఇవ్వడానికి ఒప్పుకోకపోతే కారణం అడగండి.

దస్తావేజు:

జనవరి మాట నిజం. ఈలోగా యజమానిని మూడు ఫోటోలు అడగండి: సర్టిఫికెట్ మొదటి పేజీ, దాని లోపలి కొలత పటం, ఈ ఏడాది భూమి పన్ను నోటీసు. కొలత పటంలో ఉన్న ఎన్ఐబీ నంబరును, అంటే ఆ భూమి ముక్క గుర్తింపు నంబరును, భూమి మంత్రిత్వ శాఖ వారి "భూమి" (BHUMI) అనే వెబ్‌సైటులో కొడితే మ్యాపు మీద ముక్క ఎక్కడుందో వస్తుంది. మీకు చూపించిన తోట, మ్యాపులో ముక్క ఒకటేనా కాదా ఇంట్లో కూర్చునే తేలిపోతుంది. సరిపోతే మధ్య జావాలోనే పనిచేసే పీపీఏటీ ద్వారా జెపారా భూమి కార్యాలయంలో సర్టిఫికెట్ తనిఖీ చేయించండి, తాకట్టు గానీ కోర్టు కేసు గానీ ఉంటే అక్కడ బయటపడుతుంది. బాలి నోటరీలు ఎంత పేరున్నవాళ్లైనా ఈ పనికి కుదరరు, వాళ్ల అధికార పరిధి వాళ్ల రాష్ట్రం వరకే. ఆయన దగ్గర లెటర్ సి తప్ప మరేమీ లేదని తేలితే ఈ మూడు ఫోటోలూ రావు, నెలవారీ అద్దెకు మించి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.